ఫోటోల డబ్బా తాళం ఎవరి దగ్గర?

మన ఇళ్ళల్లో బీరువా తాళాలు ఎక్కువగా ఆడవాళ్ళ దగ్గరే ఉంటాయి. బంగారం, పట్టాదారు పాస్ పుస్తకం, పిల్లల మార్కుల లిస్టులు, పెళ్ళి ఆల్బమ్, ఏది ఏ అరలో ఉందో మనకే తెలుసు. మగవాళ్ళు పాన్ కార్డు కావాలన్నా మనల్నే కేకేస్తారు. ఇప్పుడు ఇవన్నీ మెల్లగా ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. వెళ్ళడంతో పాటు తాళం కూడా చేతులు మారిపోయింది. వైఫై పాస్‌వర్డ్ మావారికి తెలుసు, జీమెయిల్ పాస్‌వర్డ్ మా అబ్బాయికి తెలుసు, ఫోటోలు ఎక్కడికి వెళ్తున్నాయో ఆ గూగుల్‌కి తెలుసు. మనకి తెలిసిందల్లా "స్టోరేజ్ ఫుల్" అని ఎర్రగా వచ్చే అక్షరాలు.

ఈ మధ్య మా ఇంట్లో వైఫైకి ఒక బ్యాకప్ డ్రైవ్ తగిలించాం. చిన్న టిఫిన్ బాక్సంత ఉంటుంది. ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లు, ఒక పాత లాప్‌టాప్, రాత్రి పూట వాటంతట అవే దాంట్లోకి ఒక కాపీ రాసుకుంటాయి. దాన్ని ఎలా తగిలించారని ఇద్దరు ముగ్గురు అడిగారు. తగిలించడం పెద్ద విద్యేం కాదు. తగిలించాక ఇంట్లో మొదలైన చర్చ మాత్రం నాకు పెద్దదిగానే అనిపించింది. రెండూ చెప్తాను.

అసలు ఇది ఎందుకు అవసరమో ముందు చెప్పాలి. గూగుల్ ఫోటోస్‌లో ఒకప్పుడు ఎన్ని ఫోటోలు పెట్టుకున్నా ఉచితమే. 2021 జూన్ 1 నుంచి అది ఆగిపోయింది. ఇప్పుడు మెయిళ్ళు, ఫోటోలు, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీ. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉన్న ఇంట్లో 15 జీబీ ఏ మూలకి? మనవడి అన్నప్రాశన వీడియోలు నాలుగు పడితే నిండిపోతుంది. ఆ తరవాత నెలకి 130 రూపాయలు కడితే 100 జీబీ ఇస్తారు. కట్టొచ్చు, తప్పు లేదు. కాకపోతే నెలనెలా కట్టుకుంటూ, అది నిండితే ఇంకా పెద్దదానికి కట్టుకుంటూ పోవాలి. అద్దె ఇంట్లో సామాను సర్దుకున్నట్టు ఉంటుంది నాకు.

దానికంటే నన్ను భయపెట్టిన సంగతి ఇంకోటి ఉంది. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాల్ని గూగుల్ తీసేయొచ్చు. 2023లో ఈ నిబంధన ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమలు పెట్టారు. వాట్సాప్‌ అయితే 120 రోజులు వాడకపోతే ఖాతా పోతుంది. ఇవి ఎవరి ఖాతాలు అవుతాయో ఆలోచించండి. బతికున్నవాళ్ళు రోజూ తెరుస్తూనే ఉంటారు. తెరవకుండా ఉండిపోయేవి పోయినవాళ్ళవే.

మా అత్తగారికి వాట్సాప్‌లో టైపు చెయ్యడం రాదు. అందుకని అన్నీ వాయిస్ మెసేజ్‌లే. హైదరాబాదులో ఉన్న మనవడికి పొద్దున్నే ఒకటి, రాత్రి ఒకటి. "ఒరే నాయనా, తిన్నావా? ఏం కూర? మీ అమ్మ ఇక్కడ వంకాయ వండింది, ఉప్పు ఎక్కువేసింది" ఇలా. నా మీద చాడీలు కూడా అందులోనే ఉన్నాయి, నాకు తెలుసు. ఆవిడ పోయాక ఆ ఫోన్ అల్మరాలో పడుంది. పండగ ఆఫర్‌లో పాత ఫోన్ ఇస్తే తగ్గింపు ఇస్తారని మావారు దాన్ని తీసి తుడుస్తుంటే మా అబ్బాయి పట్టుకుని ఆపాడు. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ వాయిస్ నోట్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుందట, పంపినవీ వచ్చినవీ అందులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ మొత్తం తీసి దాచడానికే మా ఇంట్లో ఈ డ్రైవ్ మాట మొదలైంది.

ఇక తగిలించే పని. పేరుకి వైర్‌లెస్ గానీ ఆ డబ్బాకి రెండు తీగలుంటాయి. ఒకటి కరెంటుకి, రెండోది రూటర్ వెనక ఉండే లాన్ పోర్టుకి. తీగ లేకుండా దాని దగ్గరికి వెళ్ళేది మన ఫోన్లే. అంటే మన ఇంట్లో ఉన్న వైఫైని ఏమీ మార్చక్కర్లేదు. కొత్త కనెక్షన్ తీసుకోనక్కర్లేదు, కేబుల్ అబ్బాయిని పిలవనక్కర్లేదు. రూటర్ వెనక ఒక పోర్టు ఖాళీగా ఉంటే చాలు. ఫోన్లో ఆ కంపెనీ యాప్ పెట్టుకుని, ఇంట్లో వాళ్ళందరికీ తలా ఒక పేరు, తలా ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. కొన్ని రూటర్లకి వెనకాల యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది. అలాంటి రూటరైతే మామూలు పోర్టబుల్ డ్రైవ్ అందులో గుచ్చి కూడా పని కానివ్వొచ్చు. చవగ్గా అయిపోతుంది. వేగం తక్కువ, ఎవరి ఫోల్డర్ వాళ్ళకి తాళం వేసుకునే వీలు కూడా చాలావాటిలో ఉండదు. ఆ తాళం మాట ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

మొదటి రోజు ఓపిక కావాలి. వైఫైలో సెకనుకి 5 ఎంబీ చొప్పున వెళ్తుందనుకున్నా 100 జీబీకి ఐదున్నర గంటలు పడుతుంది. మాకు అన్నీ కలిపి 300 జీబీ పైనే తేలింది. రూటర్ హాల్లో, పడగ్గది వెనకాల, మధ్యలో రెండు గోడలు. పడగ్గదిలోంచి పంపితే తెల్లారేదాకా పావు వంతు కూడా వెళ్ళలేదు. వైఫైలో 2.4 అని, 5 అని రెండు రకాలు కనిపిస్తాయి చూడండి. 2.4 గోడలు దాటి దూరం వెళ్తుంది, నెమ్మది. 5 వేగంగా వెళ్తుంది, గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. అందుకని మొదటిసారికి ఫోన్లన్నీ తెచ్చి హాల్లో రూటర్ పక్కన ఛార్జింగ్‌కి పెట్టేశాం. లాప్‌టాప్‌కి ఏకంగా తీగే పెట్టాం. ఆ తరవాత రోజూ కొత్తగా తీసిన ఫోటోలే వెళ్తాయి కాబట్టి ఎప్పుడు వెళ్ళాయో కూడా తెలీదు.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మావారు దేవుడి గూట్లో పెడదామన్నారు, అక్కడ ప్లగ్ ఉంది, ఎవరూ ముట్టుకోరు అని. స్వయంభూ విఘ్నేశ్వరుడున్న ఊరు మాది, విఘ్నం రాదు అని హాస్యం ఒకటి. దీపం వేడి, అగరుబత్తి పొగ, నూనె జిడ్డు, ఇవి ఏ మిషనుకీ పడవు. చీమలు ఇంకో బాధ. వానాకాలం వెచ్చగా ఉందంటే చాలు, రూటర్లో కూడా కాపురం పెడతాయి. చివరికి హాల్లో టీవీ పైన గోడ అరలో, గాలి ఆడేచోట పెట్టాం. కరెంటు ఇన్వర్టర్ లైనులోంచి ఇచ్చాం. ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి. ఈ డబ్బాల్లో సాధారణంగా ఉండేది తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్క్. రాస్తున్నప్పుడు టపీమని కరెంటు పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది, రాస్తున్న ఫైలు కూడా పాడవుతుంది. ఎండాకాలం మన కరెంటు సంగతి నేను చెప్పాలా?

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న సంగతి.

డ్రైవ్ పెట్టిన రోజు మావారు ఏమన్నారంటే, "అందరికీ తలా ఒక పాస్‌వర్డ్ ఎందుకు? అంతా ఒక్క ఫోల్డర్‌లో వెయ్యండి. మన ఇంట్లో దాపరికాలేంటి?" వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! ఉమ్మడి కుటుంబం, ఒకే పొయ్యి, ఒకే ఫోల్డర్. పక్కనే ఉన్న మా అమ్మాయి ఏమీ అనలేదు. వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది, "అమ్మా, నా ఫోన్లో ఫోటోలన్నీ నాన్నకి, అన్నయ్యకి కనిపిస్తాయా?" అని.

దాని ఫోన్లో దాచాల్సిందేదో ఉందని కాదు. ఉంటే మాత్రం ఏం? స్నేహితురాళ్ళతో హాస్టల్ గదిలో నైటీల్లో దిగిన ఫోటోలుంటాయి. డాక్టరుకి పంపడానికి తీసుకున్న ఫోటో ఉంటుంది. బట్టల కొట్టు ట్రయల్ రూమ్‌లో నాకు చూపించడానికి తీసినవి ఉంటాయి. ఏడ్చిన రోజు తీసుకున్న సెల్ఫీ ఉంటుంది. ఇవి తప్పుపనులు కావు. అలాగని ఇంట్లో టీవీ మీద అందరూ చూసేవీ కావు. ఈ డబ్బాలు చాలావాటిలో ఉన్న ఫోటోలు నేరుగా స్మార్ట్ టీవీలో కనిపిస్తాయి కూడా. పండక్కి చుట్టాలందరూ కూర్చున్నప్పుడు మావారు "మా కొత్త డబ్బా చూడండి" అని రిమోట్ నొక్కితే ఏం తెర మీదికి వస్తుందో ఎవరికి తెలుసు?

నా ఉద్దేశం ఖండితంగా చెప్తున్నాను. బ్యాకప్ పేరుతో ఇంట్లో ఆడపిల్ల ఫోన్ అందరూ తిరగేసే పుస్తకం కాకూడదు. పిల్ల ఏం చేస్తోందో తెలుసుకోవాలనుకుంటే కూర్చోబెట్టి అడగండి. డబ్బా చాటున చూడకండి. కొత్త కోడలి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పెళ్ళై వచ్చిన వారానికే "అమ్మాయ్, నీ ఫోన్ కూడా దీనికి కలిపేస్తాం ఇలా ఇవ్వు" అంటే ఆ పిల్ల కాదనగలదా? పుట్టింట్లో అమ్మతో చెప్పుకున్నవి, చెల్లెలు పంపినవి, అన్నీ అత్తారింటి డబ్బాలోకి పోతాయి. దానికి ఇష్టమైతేనే కలపాలి. కలిపినా దాని తాళం దాని దగ్గరే ఉండాలి.

మా ఇంట్లో చివరికి తేలింది ఇది. తలా ఒక సొంత ఫోల్డర్, దాని పాస్‌వర్డ్ వాళ్ళదే. అందరికీ కలిపి "ఇల్లు" అని ఇంకొక ఫోల్డర్. పెళ్ళి ఫోటోలు, పండగల వీడియోలు, అత్తగారి గొంతు, పాస్ పుస్తకాల స్కాన్‌లు, ఆధార్ కాపీలు, ఎల్ఐసీ బాండ్లు, వైద్యం రిపోర్టులు "ఇల్లు"లో ఉంటాయి. ఎవరి ఫోన్లో ఏ ఫోటో "ఇల్లు"లోకి రావాలో వాళ్ళే ఎంచి వేస్తారు. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు తన ఫోల్డర్‌కి తనూ పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఇంకొక మాట, ఇది ఆడపిల్లల తల్లులకి. మీ అమ్మాయి టెన్త్ సర్టిఫికెట్ నుంచి డిగ్రీ దాకా, ఆధార్, బ్యాంకు పుస్తకం, పెళ్ళికి పెట్టిన బంగారం బిల్లులు, వీటి కాపీలు పెళ్ళయ్యాక కూడా మీ ఇంటి డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. అందరి కాపురాలూ బాగుండాలనే కోరుకుంటాం. బాగోక ఏ అర్ధరాత్రో బయటికి వచ్చేసిన పిల్లల్ని మన బంధువుల్లోనే చూశాం. కట్టుబట్టలతో వచ్చిన పిల్లకి మళ్ళీ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టడానికి కాగితం ముక్క ఉండదు. అవతలివాళ్ళు ఇవ్వరు. యూనివర్సిటీ చుట్టూ డూప్లికేట్ల కోసం నెలల తరబడి తిరగాలి. స్కాన్ కాపీ ఒరిజినల్ అవ్వదు గానీ, నంబరూ సంవత్సరమూ చేతిలో ఉంటే డూప్లికేట్‌కి పెట్టుకోవడం సగం తేలిక.

అలాగే డబ్బా అసలు పాస్‌వర్డ్, అంటే అందరి పేర్లూ సృష్టించే పెద్ద పాస్‌వర్డ్, ఒక్క మగాయన బుర్రలోనే ఉండకూడదు. మా వీధిలో ఒకావిడ భర్త హఠాత్తుగా పోయారు. ఇన్సూరెన్సులు, అప్పిచ్చిన లెక్కలు, పిల్లల చిన్నప్పటి ఫోటోలు అన్నీ ఆయన లాప్‌టాప్‌లో. పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. ఎదురుగా బల్ల మీద ఉంది, తెరవలేదావిడ. ఇప్పటికీ దాన్ని దుమ్ము తుడిచి పెడుతూ ఉంటుంది.

తిరుమలలో అన్నమయ్య రాగి రేకుల కథ మీకు తెలిసే ఉంటుంది. ఆయన సంకీర్తనలు 32 వేలని చెప్తారు. కొడుకు పెద తిరుమలాచార్యులు పూనుకుని వాటిని రాగి రేకుల మీద చెక్కించి గుడిలోని సంకీర్తనా భండారంలో భద్రం చేయించారు. తాటాకు చెడిపోతుంది, రాగి చెడిపోదని. ఇంతకన్నా గట్టి బ్యాకప్ ఉంటుందా? అయితే కాలక్రమంలో ఆ గదిని పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. 1922 ప్రాంతంలో రేకులు బయటికి తీసి చదవడం మొదలుపెట్టేదాకా వందల ఏళ్ళు ఆ పాటల్లో చాలా భాగం జనం నోటికి రాలేదు. ఇప్పుడు మనకి దొరికినవి దాదాపు 12 వేలు. దాచినాయన ఎంత జాగ్రత్తగా దాచినా, దాచిన సంగతి తెలిసినవాళ్ళు తరవాతి తరంలో లేకపోతే ఇలా అవుతుంది. మా డబ్బా పెద్ద పాస్‌వర్డ్ నేను కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. మా అబ్బాయి "అమ్మా, పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదు" అని క్లాసు పీకాడు. ఎవరో ఊరుగాని ఊరివాడు ఇంటర్నెట్‌లోంచి వచ్చి నా పట్టుచీరల కింద చెయ్యి పెట్టలేడు కదా నాన్నా అన్నాను.

ఇంటర్నెట్‌లోంచి రావడం మాత్రం నిజమైన భయమే. 2021 జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ అనే ఇలాంటి డబ్బాలు వాడుతున్న చాలామందికి, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళకో, పొద్దున లేచేసరికి లోపల ఏమీ లేదు. ఎవరో బయటినుంచి చొరబడి అంతా చెరిపేసే ఆజ్ఞ ఇచ్చారు. వాటికి 2015 తరవాత కంపెనీ అప్‌డేట్లు ఇవ్వలేదు. ముందు ఇంటర్నెట్ నుంచి వాటిని ఊడదీయమని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఫోటోలు ఒక్క పూటలో పోయినవాళ్ళున్నారు. కాబట్టి కొనేటప్పుడు అప్‌డేట్లు ఇంకా వస్తున్న రకమేనా అని అడగండి. ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు అనే సదుపాయం ఒకటి ఉంటుంది, నిజంగా అవసరం లేకపోతే ఆపేయండి. మా అబ్బాయి హైదరాబాదు నుంచి చూడ్డానికి కావాలని గొడవ చేశాడు. ఇంటికొచ్చినప్పుడు చూసుకో, ఆ వంకనైనా వస్తావు అన్నాను.

చుట్టాలు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగేది వైఫై పాస్‌వర్డ్. డబ్బా అదే వైఫైలో ఉంటుంది కనుక, తాళం లేని ఫోల్డర్లు వాళ్ళ ఫోన్లో కూడా కనిపించవచ్చు. చాలా రూటర్లలో గెస్ట్ వైఫై అని వేరేగా పెట్టుకోవచ్చు. చుట్టాలకి అది ఇవ్వండి. అలాగే చాలా ఇళ్ళల్లో వైఫై పాస్‌వర్డ్ కనెక్షన్ ఇచ్చినప్పుడు పెట్టిన ఇంటాయన ఫోన్ నంబరే. అది వీధిలో అందరికీ తెలుసు. ముందు దాన్ని మార్చండి.

డ్రైవ్ కొన్నాక చాలామంది చేసే పని ఒకటి ఉంది, నాకు అస్సలు నచ్చనిది. ఫోటోలన్నీ డబ్బాలోకి పంపేసి, హమ్మయ్య అని ఫోన్లోంచి తీసేస్తారు. అప్పుడు మళ్ళీ కాపీ ఒకటే కదా! ఆ డబ్బా పాడైతే? హార్డ్ డిస్కులు చెప్పి పాడవ్వవు. పీటర్ క్రో అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ఒక లెక్క చెప్పాడు, మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి అని. ఇంటి బయట అనే మాట మన వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రేకులు లేచిపోయి, కిటికీలు ఊడిపోయి, నీళ్ళు బీరువాల్లోకి వెళ్ళిన ఇళ్ళు ఎన్ని చూశాం! మా పిన్ని వాళ్ళింట్లో పెళ్ళి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే మొహాలు ఊడొచ్చాయి. డబ్బా కూడా అదే ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళకి అదీ అతీతం కాదు.

అందుకని "ఇల్లు" ఫోల్డర్‌ని మాత్రం ఒక చిన్న పోర్టబుల్ డ్రైవ్‌లోకి తీసి మా పుట్టింట్లో పెట్టాను. మాది మాడుగుల. వెళ్ళినప్పుడల్లా ఇక్కడినుంచి కొత్తగా రాసిన డ్రైవ్ పట్టుకెళ్ళడం, అక్కడున్న పాతది తెచ్చుకోవడం. రెండు డ్రైవులు ఇలా తిరుగుతుంటాయి. వచ్చేటప్పుడు హల్వా ఎలాగూ తెచ్చుకుంటాను. మావారికి డ్రైవ్ గురించి గుర్తుండదు గానీ హల్వా అయిపోయిందని గుర్తుంటుంది, "మాడుగుల వెళ్ళాలేమో, బ్యాకప్ పాతబడింది" అంటారు.

ఖర్చు సంగతి దాచను. మామూలు పోర్టబుల్ డ్రైవ్‌తో పోలిస్తే ఈ నెట్‌వర్క్ డబ్బా బాగా ఎక్కువే. ఒంటరిగా ఉండేవాళ్ళకి, ఒక ఫోనే ఉన్నవాళ్ళకి ఇది అనవసరం. పోర్టబుల్ డ్రైవ్ రెండు కొనుక్కుని నెలకోసారి తీగతో కాపీ చేసుకుంటే చాలు. నాలుగైదు ఫోన్లున్న ఇంట్లో మాత్రం నెలకోసారి అందరి వెనకా పడి ఫోన్లు లాక్కుని కాపీ చేసే పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలుసు. ఆ చాకిరీ తప్పినందుకే నాకు ఈ డబ్బా ఖరీదు గిట్టింది.

నెలకోసారి నేను చేసే పని ఒకటే. "ఇల్లు" ఫోల్డర్ తెరిచి, ఏదో ఒక ఫైలు ఫోన్లోకి తెచ్చుకుని తెరుచుకుంటుందా లేదా అని చూస్తాను. రాస్తున్నట్టు యాప్ చెప్తూనే ఉంటుంది. తిరిగి వస్తోందో లేదో మనమే చూసుకోవాలి. మొన్న ఆదివారం అలా తెరిస్తే అత్తగారి మెసేజ్ ఒకటి వచ్చింది, పదిహేడు సెకన్లది. నేను పులిహోరలో ఇంగువ వెయ్యడం మర్చిపోయానని మనవడికి ఫిర్యాదు. వెనకాల నా గిన్నెల చప్పుడు, కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తున్నాయి. ఫైలు బాగానే ఉంది. ఇంగువ మాత్రం వేశాను ఆ రోజు.